తొచిసావా నాచు

టోక్యో,
1992 అక్టోబరు 18, ఆదివారం

పూజ్యులైన సొహెయి అన్నయ్యకు,

చెల్లెలు ఫుమియె తల వంచి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ చలిగాలి మొదలైంది. మన లోయలో ఈపాటికి పొద్దున్నే మంచు దిగుతూ ఉంటుంది. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మిసావొ వదినకు దగ్గు తగ్గిందా? నేను కులాసాగానే ఉన్నాను.

నువ్వు పంపిన ఘాటు వసాబి దుంపలు నిన్న అందాయి. ఎప్పుడూ తడి నాచులో చుట్టి పంపేవాడివి, ఈసారి తడి పేపర్లో చుట్టావు. నాచు కరువైందా, నా మీద కోపమా అని కాసేపు ఆలోచించాను. తర్వాత నీ ఉత్తరం చదివాను. రెండూ నిజమే అనిపించింది.

మా సినిమా చూసి ఒక్క ఆదివారం నలభై ముగ్గురు వచ్చారని రాశావు. నువ్వు లెక్కపెట్టావంటేనే నీ ఒళ్లు ఎంత మండిందో తెలుస్తోంది. బూట్లతోనే ఊటనీళ్లు పారే వసాబి మడుల్లోకి దిగి ఫొటోలు తీసుకున్నారని, వదిన చీపురు పట్టుకుని తరమబోతే ఒక అమ్మాయి ఎగిరి గంతేసి, అచ్చం సినిమాలో అవ్వలా ఉన్నారండీ, కాస్త అలాగే నిలబడరూ అని అడిగిందని చదివి నవ్వాను. వదిన నిజంగానే నిలబడిందని కూడా రాశావు. ఆ తర్వాత నవ్వు రాలేదు.

నువ్వు మా బొమ్మల సినిమా చూడలేదు గనక కథ రెండు ముక్కల్లో చెబుతాను. కొండమీద ఒళ్లంతా నాచు కప్పుకున్న అవ్వ ఒకతె ఉంటుంది. ఆమె ఎక్కడ కూర్చుంటే అక్కడ ఊట పుడుతుంది. బొగ్గు కాల్చేవాళ్లు అడవి నరికేకొద్దీ ఆమె ఎండిపోతూ వస్తుంది. చివరికి ఆ బొగ్గులవాళ్ల పిల్లే అవ్వ ఒంటి మీద మిగిలిన గుప్పెడు నాచును గుండెలకు హత్తుకుని కాపాడుతుంది. దాంతో కొండకు మళ్లీ నీళ్లొస్తాయి. అంతే కథ. జనం హాల్లో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, రైలెక్కి మన ఊరొచ్చి గుప్పెడు గుప్పెడు నాచు పీక్కుపోతున్నారు.

మూడేళ్ల కిందట వసంతంలో నేను నీ మడుల దగ్గర తొమ్మిది రోజులు కూర్చుని బొమ్మలు వేసుకోవడం గుర్తుందిగా. రాళ్ల మీద పాచి చూడ్డానికి జీతమిచ్చి మరీ పంపారా నిన్ను, టోక్యోలో అంత పని లేనివాళ్లున్నారా అని ఎగతాళి చేశావు. మూడో రోజున నువ్వే వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, ఆ పచ్చ తప్పు, పొద్దున తొమ్మిదిలోపు అది నీలంగా ఉంటుంది అని దిద్దావు. నువ్వు చెప్పిందే నిజం. వెనక దృశ్యాలు గీసేవాళ్లం పన్నెండు మందిమి. అడవి మొత్తం నా బల్ల మీదే పడింది. మూడు వందల పైచిలుకు బొమ్మలు. కాగితం తడిపి ముదురు రంగు పోసి, అది ఆరీ ఆరకముందే అరిగిపోయిన పాత కుంచెతో పొడిచి పొడిచి నాచు మొలిపించాను. ప్రతి రాయీ నీ మడుల గట్టు రాయే.

ఊరి పేరు ఎవరు చెప్పారని అడిగావు. సినిమా చివర వేసే పేర్లలో ఎక్కడా తొచిసావా అని లేదు. ప్రచారం పని చూసేవాళ్లలో ఎవరో నోరు జారి ఉంటారు. రేపే వెళ్లి నిర్మాత ఇవానె గారిని నిలదీస్తాను. నువ్వు కంగారు పడకు. ఏదో ఒకటి చేయిస్తాను.

ఇట్లు,
నీ చెల్లెలు
ఫుమియె


టోక్యో,
1993 జూన్ 13

పూజ్యులైన అన్నయ్యకు,

ఫుమియె నమస్కారాలు. క్షేమంగా చేరాను. వానాకాలం ఇక్కడా పట్టుకుంది. వదిన కట్టిచ్చిన అన్నం ముద్దలు రైల్లో తినలేకపోయాను, ఇంటికొచ్చి తిన్నాను. మీ ఎదుట కూర్చుని నోరు విప్పలేకపోయాను గనక ఇలా రాస్తున్నాను.

ఏదో ఒకటి చేయిస్తానన్నాను కదా. చేయించిందంతా నీ నెత్తికే చుట్టుకుంది. అప్పట్లో అందరిముందూ ఇవానె గారి మీద గట్టిగా అరిచాను. ఆయన తల వంచి, తప్పు మా కంపెనీదేనమ్మా అన్నారు. మరి అక్కడికి వెళ్లొద్దని టీవీలో చెప్పించండి అన్నాను. చెప్పిస్తే తెలియనివాళ్లకు కూడా తెలుస్తుంది కదా అన్నారు. చివరికి బస్సు స్టాపు దగ్గర ఒక బోర్డు పెట్టించారు. దయచేసి నాచు తీయకండి, అవ్వకు నొప్పి పుడుతుంది అని. పక్కన అవ్వ బొమ్మ నా చేత్తోనే వేసిచ్చాను. ఎంత శ్రద్ధగా వేశానో నువ్వు చూశావుగా. ఇప్పుడు వచ్చినవాళ్లంతా ముందు ఆ బోర్డు పక్కన ఫొటో దిగి, ఆహా, సరైన చోటికే వచ్చాం అనుకుని పైకి ఎక్కుతున్నారు.

ఇక తోఫు కొట్టు ఓకియొ గారు. చిన్నప్పుడు మనిద్దరికీ వేడి సోయాపాలు పోసిచ్చిన మనిషి. అవ్వ ముఖం అచ్చుకొట్టిన తీపి బన్నులు పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే చేతులు పట్టుకుని, నీ పుణ్యాన ఊళ్లోకి మళ్లీ మనుషులొస్తున్నారు తల్లీ, ఆదివారాలు రెండో బస్సు కూడా వేశారు అంది. అంతలోనే గొంతు తగ్గించి, మీ అన్నకు కాస్త చెప్పు, వాడి నాలుగు మడుల కోసం ఊరంతా తలుపులేసుకుని కూర్చోవాలా అంది. ఆమె ఇచ్చిన బన్ను తిన్నాను అన్నయ్యా.

నువ్వు నన్ను పైకి తీసుకెళ్లి చూపించావు. నువ్వు తిట్టి ఉంటే బాగుండేది. నాచు ఊడిన గట్ల మట్టి కొట్టుకొచ్చి, పై మడి నుంచి కింది మడి దాకా గులకరాళ్ల మీద వేలెడు మందాన బురద. ఒక దుంప పీకి నా చేతిలో పెట్టావు. పైన ఆకు నవనవలాడుతోంది, కింద వేరు నల్లగా మెత్తబడి చేతికి అంటుకుంది. దీనికి ఊపిరాడదు, అంతే అన్నావు. పెద్ద తొచి చెట్టు కింద బండ, నేను నాలుగు రోజులు ఒక్క దానికే కేటాయించిన బండ, తోలు వలిచినట్టు తెల్లగా ఉంది.

నువ్వు కిందికి దిగాక నేను అక్కడే ఉండిపోయాను కదా. అప్పుడు జరిగింది నీకు చెప్పలేదు. ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, నర్సట. రాత్రి బస్సెక్కి ఉత్తరాన ఎక్కడి నుంచో వచ్చింది. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, గట్టు తొక్కకుండా వట్టికాళ్లతో నడిచింది. బండ వెనకవైపు మిగిలిన నాచు ముందు మోకరిల్లి, చేతులు జోడించి, చిన్న ప్లాస్టిక్ సంచి తీసి, గోళ్లతో మెల్లగా ఒలుచుకోసాగింది. నేను గబగబా వెళ్లి ఏమిటండీ ఈ పని అని గద్దించాను. ఆవిడ ఉలిక్కిపడి, సిగ్గుతో ఎర్రబడిపోయింది. సినిమా పదకొండుసార్లు చూశానండీ, మా అమ్మ ఆసుపత్రిలో ఉండగా తన చేత కూడా చూపించాను, మేముండే చోట చెట్టన్నదే లేదు, కనీసం ఈ కాస్తయినా మా ఇంట్లో బతికించుకుందామని తీశాను అంది. పెట్టెయ్యండి అన్నాను. వెంటనే పెట్టేసింది. చంటిపిల్లను పక్కమీద పడుకోబెట్టినట్టు రెండు చేతులతో బండ మీద ఆనించి అదిమింది. చెయ్యి తీయగానే జారి కింద పడింది. మళ్లీ అదిమింది. మళ్లీ పడింది. అతుక్కోవడం లేదండీ అంటూ నా ముఖంలోకి చూసింది. నేనూ చెయ్యి వేశాను, నాచు జారకుండా ఇద్దరం అలా చేతులు అడ్డుపెట్టి ఎంతసేపు ఉన్నామో తెలియదు. వాన మొదలయ్యాక ఆవిడ వంగి వంగి క్షమాపణలు చెప్పి, వట్టికాళ్లతోనే వెళ్లిపోయింది.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగయ్యేది కాదు. ఆ బొమ్మలు వేసింది నేనే కదా. అడవిని ప్రేమించండి అని అడిగాం. వాళ్లు ప్రేమించారు.

భోజనాల దగ్గర, వచ్చే ఏడు నారు పెట్టను, రోడ్డు పనికి పోతాను అన్నావు. వదిన గిన్నెలోకే చూస్తూ కూర్చుంది. ఉద్యోగం మానేసి వచ్చేస్తాను, ఇద్దరం కలిసి బురద తోడదాం అన్నాను. నువ్వు వచ్చి ఏం చేస్తావే, మళ్లీ బొమ్మలు వేస్తావా అన్నావు. వెటకారానికి అనలేదని తెలుసు. అలసిపోయి అన్నావు. అందుకే మనసులోంచి పోవడం లేదు.

వదినకు దగ్గు మందు పంపుతున్నాను. పూటపూటా తాగేలా చూడు.

ఇట్లు,
ఫుమియె

తా.క. ఈ ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, మళ్లీ తీశాను. అన్నయ్యా, ప్రచారం వాళ్లెవరూ నోరు జారలేదు. సినిమా విడుదలకు ముందు ఒక పత్రిక నుంచి ఒకమ్మాయి దర్శకుడుగారి కోసం వచ్చింది. ఆయన ఆలస్యం చేస్తే నా బల్ల దగ్గర ఆగి, ఇంత పచ్చదనం ఎక్కడ చూశారండీ అని అడిగింది. ఇరవై ఆరేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్నాను, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఊరి పేరు చెప్పాను. బస్సు ఎక్కడ దిగాలో చెప్పాను. ఆ అమ్మాయి పుస్తకంలో దారి గీసి, మడుల దగ్గర గుండ్రంగా చుట్టి చూపించాను. ఇది పత్రికలో వెయ్యమంటారా అని అడిగింది, వెయ్యమన్నాను. ఇవానె గారికి ఇదంతా తెలుసు. నేను అరుస్తుంటే నా పరువు పోకూడదనే ఆయన తల వంచి ఊరుకున్నారు. ఆ సంచిక పదకొండు ప్రతులు కొన్నాను, నీకు ఒక్కటీ పంపలేదు. అందులో మన ఊరి పేరు, బస్సు స్టాపు, దారి అన్నీ సరిగ్గా అచ్చయ్యాయి. నా పేరే తప్పు పడింది.