గాలి లేని గుట్ట

2022 ఫిబ్రవరి 9

ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన డైరీ. నెలన్నర ఖాళీగా ఉంది. ఇవాళ రాసే సంగతి దొరికింది.

గుట్ట మీద నేనూ నా భార్య అలివేలమ్మా కందులు తూర్పారబడుతుంటే జీపు వచ్చింది. పైకి బాట లేదు కాబట్టి కిందే ఆపి నడిచి ఎక్కారు. ఒక అమ్మాయి, వెనక ఇద్దరు మనుషులు. పేరు వర్ష, ఊరు వనపర్తి, గాలిమరల కంపెనీలో ఇంజనీరట. మా గుట్ట, అవతల యోసేపు వాళ్ల చేన్లున్న గుట్ట, రెండిట్లో ఒకదాని మీద గాలి కొలిచే స్తంభం వేస్తారట. ఏడాది కొలిచి, బాగుంటే అక్కడే మరలు.

గాలిని కొలవడానికి ఏడాదా? ఇది భూమిని కొలిచే యవ్వారం.

అమ్మాయి నన్ను వదిలేసి అలివేలమ్మను అడిగింది. ఎప్పుడు తూర్పార పడతవక్కా, గాలి కోసం ఎదురుచూడాల్నా అని. ఆమె నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. ఏం గాలి మేడం, పొద్దంత చేట పట్కొని నిలబడ్డా ఆకు కదల్దు అన్నాను. సరిగ్గా అప్పుడే గాలి కూడా ఆగింది. మరి గా వేపచెట్టు ఒక దిక్కే ఎందుకు వంగిందని అడిగింది. మేకలకు కొమ్మలు కొట్టీ కొట్టీ గట్లయింది అన్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

పోతూ ఒక కాగితం మీద సంతకం పెట్టమంది. భూమి ఊసు లేదని రెండుసార్లు చూసి పెట్టాను.

ఫిబ్రవరి 10

అలివేలమ్మ మాట్లాడడం లేదు. మరలొస్తే లారీల కోసం బాటేస్తరు, నా మెడ బతుకుతుండె అని ఒక్కసారి అంది, అంతే. గద్వాల దవాఖానలో డాక్టరు ఆమెను నెత్తి మీద బరువు మోయొద్దన్నాడు. నిజమే. కానీ గుట్ట మీది పంట మోయక ఎట్లా కిందికి వస్తుంది? నాకు మోకాళ్లు సహకరించవు.

కాల్వ సర్వేకు వచ్చినప్పుడు మా నాయన గొప్పకు పోయి, మా చేనంత మంచి నేల ఇటిక్యాల మండలంలోనే లేదన్నాడు. మరుసటేడు కాల్వ ఆ చేన్లోంచే పోయింది. ఆఫీసోళ్లు ఏమడిగినా లేదనే చెప్పు బిడ్డా అని పోయేముందు చెప్పాడు. పంట ఉందా, లేదు. నీళ్లున్నాయా, లేవు. ఊరంతా చెప్పేది అదే. మిగిలింది ఈ నాలుగెకరాలే. అలివేలమ్మకు ఇది అర్థం కాదు.

ఫిబ్రవరి 26

స్తంభం అవతలి గుట్ట మీద లేచింది. బతికిపోయాం.

2023 ఆగస్టు 3

ఆ స్తంభం మబ్బుల్ని తోలేస్తుందని హోటల్లో ఒకాయన చెప్పాడు. అప్పటి నుంచి కనిపెడుతున్నాను. నిన్న రెండు గుట్టల మీదా వాన ఒక్కతీరే కురిసింది. డౌటు మాత్రం పోలేదు.

2024 నవంబర్ 21

అవతలి గుట్టకు బాట పడింది. మొరం పోసి రోలర్ తిప్పుతున్నారు. అలివేలమ్మ కల్లంలో నిలబడి చాలాసేపు అటే చూసింది. గడ్డిమోపు నెత్తికెత్తుకొని గుట్ట దిగింది. తిట్టినా బాగుండేది.

2025 ఫిబ్రవరి 16

మరలు తిరుగుతున్నాయి. చూసొద్దామని పోయాను. మోసం ఎక్కడో పట్టుకోవాలని కూడా.

పల్లి చేను మర మొదలు దాకా ఉంది. పోయిన జాగా కల్లమంత. చచ్చిన పిట్టల కోసం గంటసేపు వెతికాను. ఒక ఈక దొరికింది, కోడిది. యోసేపు నవ్వాడు. బొగ్గు కరెంటుకు ఏరంత నీళ్లు గావాలె, బూడిద ఊర్ల మీద పడ్తది, దీనికి చుక్క నీళ్లొద్దు, పొగ లేదు అన్నాడు. కంపెనీవాళ్లు నేర్పిన పాఠం అనుకున్నాను. పాస్‌బుక్ చూపించమన్నాను. చూపించాడు. భూమి ఇంకా అతని పేరు మీదే ఉంది. కంపెనీ నుంచి కౌలు ఏటేటా వస్తుందట. వాళ్ల పిల్ల జయశ్రీకి సబ్‌స్టేషన్లో పని కూడా దొరికింది. పల్లికాయ ట్రాక్టర్లో దిగుతోంది.

తిరిగి వస్తుంటే కడుపు మండింది. ఇంత మంచిది వాళ్లకే ఎందుకు పోయింది? మా గుట్ట ఆ గుట్టకన్నా ఎత్తు. ఎవడో ఏదో తిన్నాడు. గోల్‌మాల్ లేకుండా ఇట్ల జరగదు.

మార్చి 2

మా గుట్టను ఎందుకు వదిలేశారో తేల్చాలని అర్జీ రాశాను. గుట్ట మీద చేన్లున్న పన్నెండు ఇళ్లవాళ్లూ సంతకాలు పెట్టారు. ఎల్లయ్య వేలిముద్ర వేస్తూ, నువ్వు సదువుకున్నోనివి, నీకే తెల్వాలె భాస్కరన్నా అన్నాడు. అలివేలమ్మ ఒక్కతే పెట్టలేదు. ఎందుకో అడిగితే, పొయ్యి మీద పాలున్నయి అని లోపలికి పోయింది.

మార్చి 18, సాయంత్రం

గ్రామసభ. వర్ష ఫైలు పట్టుకొని వచ్చింది. మ్యాపులో రెండు గుట్టల మీదా గాలి సమానమే, ఉన్నది ఒక్క స్తంభం, అందుకే ఊరోళ్లను అడిగినం అంది. ఎవల్ని అడిగిండ్రు, ఏం దాచకుండ పేరుతో సహా చదువు అని నేనే గట్టిగా అన్నాను. అన్న మాట నోట్లో ఉండగానే నాకు గుర్తొచ్చింది. అప్పటికే ఆమె పేజీ తిప్పేసింది.

చదివింది. గుట్ట మీద ఆకు కదలదు. వేపచెట్టు మేకల వల్ల వంగింది. చెప్పిన రైతు, కె. భాస్కర్. సంతకం అందరికీ చూపించింది.

ఎల్లయ్య లేచి తువ్వాల దులుపుకొని పోయాడు. ఒక్కొక్కరే లేచారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో మర వేస్తరా మేడం అని అడిగితే, కరెంటు లైను నిండింది సార్, ఇంకో మర పట్టదు, మల్ల ఎప్పుడో తెల్వదు అంది. ఒక్క మాట నమ్మి రాసుకున్నం, మాదీ తప్పే అని కూడా అంది. ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికొచ్చాక అలివేలమ్మ అన్నం పెట్టింది. ఆనాడు గా మేడం నన్నడిగె, నువ్వు చెప్తివి అంది.

మార్చి 19

పొద్దున్నుంచీ గాలే. జొన్నలు గంటలో తూర్పారబట్టడం అయిపోయింది. మూట నేను ఎత్తుకున్నాను. సగం గుట్ట దిగేసరికి ఆమె మెడ ఎట్లుంటుందో తెలిసింది.