ఆకుపచ్చ మూత సీసా

అమ్మాయీ, నేను బాగానే ఉన్నాను, చచ్చింది తోట.

మీ అన్నావదినలు డ్యూటీకి వెళ్లాక చిక్కుడు పాదుల మీద పురుగు కనబడింది. సాయంత్రం అలిసొచ్చి వాళ్లేం కొడతారులే అని నేనే మందు కలిపి కొట్టాను. ఆకుపచ్చ మూత ఉంటే పురుగుమందు, నాకొచ్చిన చదువు అంతే. ఆ సీసాలో మీ అన్న కలుపుమందు పోసి, పైన పెద్దక్షరాలతో రాసిపెట్టాడట. వారంలో పందిరంతా మాడిపోయింది. నువ్వు కొట్టావంటే నువ్వు కొట్టావని వాళ్లిద్దరూ పోట్లాడుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

ఇది రాస్తున్న మీ వదినకీ ఇప్పుడే తెలిసింది. కలం ఆపి నా మొహంలోకి చూస్తోంది. “ముందు రాయవే, తర్వాత తిడుదువుగాని” అన్నాను.

ఆ పోట్లాటతో విసిగి మీ అన్న తోట అమ్మేస్తానంటున్నాడు. సంతకానికి వస్తే పెట్టకు. వాళ్లిద్దరూ తెల్లారకముందు నీళ్లు పెట్టి, ఆ తడి కాళ్లతోనే డ్యూటీకి బస్సెక్కుతూ పెంచుకున్న తోట అది. తప్పు నాది, వాళ్లెందుకు పోగొట్టుకోవాలి?

నిరుడు నీకిచ్చిన చిక్కుడు గింజలు గుప్పెడైనా మిగిలాయా? ఇక్కడ విత్తనానికి ఒక్క కాయ లేదు. పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు చల్లగా ఉండాలి.

మీ అన్నకి తను చెప్తానంటోంది మీ వదిన. వద్దన్నాను. గేటు చప్పుడైంది, వాడే. నేనే చెప్తాను.