నేను ఎత్తుకోవాల్సిన కోలా

ఆగస్టు 4, సోమవారం

రమ్యకు లీవ్ అప్రూవ్ అయింది. ఆస్ట్రేలియాలో గోల్డ్ కోస్ట్ వెళ్తోంది, మొగుడూ పాపా తనూ. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ముందు టీమ్‌లో ఒక్కరికే లీవ్ అన్నారు. నాకన్నా ముందు అప్లై చేసింది. ఆమె పనికి బ్యాకప్ నేను.

అసలు ఆ ఊరి సంగతి ఆమెకు చెప్పిందెవరు? నేనే. కోలాను ఎక్కడ ఎత్తుకోవచ్చో, చిలుకలు ఏ వేళకొచ్చి భుజాల మీద వాలతాయో, వేల్స్ కోసం బోట్ ఏ నెలలో ఎక్కాలో, వెళ్ళాలన్న ఆశతో యూట్యూబ్‌లో చూసి చూసి, రెండేళ్ళుగా కెఫెటేరియాలో నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. అనంతపురం పిల్ల, పెళ్ళయ్యేదాకా సముద్రమే చూడలేదు. నేను కాకినాడ దాన్ని!

అంతా నీ పుణ్యమే అక్కా, నువ్వు చెప్పినవన్నీ పాపకు చూపిస్తా, అంది. నవ్వుతూ హ్యాపీ జర్నీ చెప్పాను. మధ్యాహ్నం గోంగూర కూడా సహించలేదు.

ఆగస్టు 9

రమ్య వాట్సాప్ స్టేటస్‌లో కంగారూ ఉందట. నేను చూడను.

ఆగస్టు 9, సాయంత్రం

చూశాను. చూసినట్టు తెలియకూడదని మా ఆయన ఫోన్‌లో చూశాను.

ఆగస్టు 11

కోలాను ఎత్తుకుంది. నా కోలాను.

వాళ్ళ పాప హన్విక నెత్తిమీద చిలుక. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. నల్లగండ్లలో మా కింద ఫ్లోరే వాళ్ళది, నా చేతి పప్పన్నం తిని పెరిగింది. అయినా కడుపు మండింది. రెప్ప వెయ్యకుండా ఆ ఫొటోనే చూస్తూ కూర్చున్నాను.

మా ఆయన రవికిరణ్ పాపం ఓదార్పుగా, ఆదివారం జూ పార్క్‌కి వెళ్దామా అన్నాడు. అతనితో మాటల్లేవు.

ఆగస్టు 13

రేపు వాళ్ళకు వేల్ బోట్. ఒక్కటి కూడా కనబడకూడదు.

ఆగస్టు 14, మధ్యాహ్నం

బోటూ లేదు, వేలూ లేదు. పాపకు రాత్రి నుంచి జ్వరం. రమ్య వీడియో కాల్ చేసి ఏడ్చింది. డాక్టర్ మందులిచ్చాడట, అయినా పిల్ల కళ్ళు తెరవడం లేదు. ఎవరి కండ్లు పడినాయో ఏమోక్కా, దిష్టే ఇది, అంది. హోటల్ రూమ్‌లో మిరపకాయలు కాలిస్తే అలారం మోగుతుందట. అత్తకు చెబితే, పసిబిడ్డను అంత దూరం యాల తీసుకపోయినావని తిడతాదంట. నువ్వే తీయక్కా, ఆడ మాకు నువ్వు తప్ప ఎవరున్నారు, అంది.

వర్క్ ఫ్రమ్ హోమ్. తప్పించుకునే దారి లేదు. టీమ్ కాల్ మ్యూట్‌లో పెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, ఫోన్‌లో కనిపిస్తున్న పాప ముఖం చుట్టూ తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరందరి దిష్టి... ఆ తరువాత నా దిష్టి అనాలి. మళ్ళీ ఇరుగు దిష్టి నుంచి మొదలుపెట్టాను. మర్చిపోయాననుకుంది కాబోలు, నీ దిష్టి, నా దిష్టి కూడా అనక్కా, అని అటునుంచి రమ్యే అందించింది. అన్నాను.

మిరపకాయలు స్టవ్ మీద వేశాను. నిజంగా దిష్టి తగిలి ఉంటే ఎంత కాల్చినా ఘాటు రాదనేది మా అమ్మమ్మ. రమ్యకూ తెలుసు ఆ మాట. ఘాటు వస్తోందా అక్కా, అని అడుగుతూనే ఉంది.

దగ్గాను.

ఆగస్టు 16

జ్వరం దిగింది. వేల్స్ కనబడ్డాయట, తల్లీ పిల్లా. స్టేటస్ ఈసారి నా ఫోన్‌లోనే చూశాను.

మొన్న ఘాటు రాలేదు. కావాలనే దగ్గాను.