తలమీద మంట

కోమలక్కకు తమ్ముడు మునిచంద్ర సబ్‌జైలు నుంచి దండం పెట్టి రాసేది. నా ఒంటికేం కాలేదు, దిగులు పెట్టుకోవద్దు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నువ్వూ బావా కులాసాయేనా?

అన్నం సరిపోతోందా అని అడిగావు. పులుసు వట్టి నీళ్లేగానీ, నీ ఉత్తరం వచ్చేదాకా బాగానే తిన్నాను. దుప్పటి అందింది. ఏబెల్ వాళ్ల నాయన పాల్ గారు రాజీకి ఒప్పుకున్నారని రాశావు. తలకు తగిలిన దెబ్బతో ఏబెల్‌కు ఆరోజుది ఏదీ గుర్తు లేదనీ, "నేను మీ అమ్మను తిట్టింటే నాదే తప్పక్కా" అని ఆసుపత్రి మంచం మీదే ఏడ్చాడనీ రాశావు. ఆ ముక్క చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఆ ఆదివారం శ్రీ సిటీలో మా కంపెనీకి సెలవు. మధ్యాహ్నం మేమిద్దరం ఉండే రూములో ఏబెల్ సంగటికి ఎసరు పెట్టాడు. అది మరిగేలోగా ఇద్దరం ఫోన్లలో ఆటకు కూర్చున్నాం. చంపుకునే ఆటే, మేమిద్దరం ఒకే జట్టు. దీపావళికని అందులో కొత్తగా ఒక రాక్షసుణ్ని పెట్టారు. వాడి చెయ్యి తగిలితే మన బొమ్మ తలమీద మంట లేస్తుంది. నాకు తగిలింది. కర్పూరం వెలిగినట్టు భలే ఉంది. పండగ కదా, హారతి ఇచ్చారు, బలం పెరిగిందనుకున్నాను. కింద ఇంగ్లీషులో ఏదో ఉంటే ఎవడు చదువుతాడు? మనవాళ్లకూ ఆ బలం అందాలని జట్టు మధ్యలోకి దూరాను. ఒక్కొక్కడే కూలిపోయాడు. అంతలో ఏబెల్ నా బొమ్మను కత్తితో మూడుసార్లు పొడిచాడు. మంట పోయింది. ఆ వెంటనే శత్రువులు వచ్చి ముందు వాణ్ని, తరువాత నన్ను చంపారు. నెలంతా ఆడి తెచ్చుకున్న స్థానం పోయింది.

"నన్నే పొడుస్తావేంరా ద్రోహీ!" అని లేచాను. వాడు నవ్వుతూ "సెప్పేది ఇనబ్బా" అన్నాడు. ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. సంగటి గెలికే కట్టె అందుకుని భుజం మీద వేశాను. అడ్డం పెట్టిన చెయ్యి రెండో దెబ్బకు పుటుక్కుమంది. "ఒద్దు మునీ, ఒద్దు" అంటున్నా వినలేదు. పొయ్యి మీదికి తోశాను. మరిగే ఎసరు వాడి మెడ మీద ఒలికింది. కిందపడ్డాక తలమీద కొట్టాను. కంట్లోంచి రక్తం కారింది. పక్కరూము వాళ్లు పట్టుకోకుంటే చంపేసేవాణ్ని. చంపాలనే కొట్టానక్కా.

ఇక్కడ ధనంజయ అని, సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషి ఉన్నాడు. అతనూ ఆ ఆట ఆడినవాడే. మొన్న నా సంగతి విని తల కొట్టుకున్నాడు.

"అది హారతి గాదబ్బా, అంటురోగం మాదిరి. పక్కనుండేవోళ్ల పానం తినేస్తాది. మన జట్టోడే మూడు తూర్లు పొడిస్తేనే పోతాది. పొడిచినోడికి సగం పానం పోతాది. తెలిసే పొడిచినాడు, నిన్ను కాపాడినాడు" అన్నాడు.

అంటే జట్టును చంపింది నేను. నన్ను బతికించబోయి చచ్చింది వాడు. నా చేతులు నరుక్కోవాలనిపించింది.

ఇంకొకటుంది. వాడు అమ్మను తిట్టాడని స్టేషన్‌లో చెప్పింది పచ్చి అబద్ధం. ఆటకోసం కొట్టానంటే కానిస్టేబుళ్లు కూడా నవ్వుతారని సిగ్గేసింది. అమ్మ పేరు చెబితే ఎవరూ నన్ను తప్పు పట్టరని తెలుసు.

ఈ ఉత్తరం తీసుకుని ఆసుపత్రికి పో. వాడి కళ్లకు కట్టు ఉందన్నావు కదా, పాల్ గారి ముందే నువ్వు చదివి వినిపించు. అది విన్నాక ఆయన రాజీ వద్దంటే బతిమాలొద్దు. జడ్జి గారి ముందు నేను ఇదే చెబుతాను. వాడికి గుర్తు లేకపోయినా నాకు గుర్తుంది. అమ్మను వాడు ఒక్క మాట అనలేదు. ఆటలో పొడిచేటప్పుడు వాడు అన్నదాన్ని నేను ఎగతాళి అనుకున్నాను. వాడు అన్నది ఇదక్కా: "కదలొద్దు మునీ, నీకంటుకున్నది నేను ఆర్పతా ఉండా."

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని తమ్ముడు
మునిచంద్ర