డాక్టర్ ఒస్‌గుడ్ గడియారంలోని గొలుసు

కేంబ్రిడ్జి,
1834 మార్చి 6.

అమ్మకు జేబెజ్ వేయి నమస్కారాలతో రాసేది.

ఈ ఉత్తరంలో దైవదూషణ, గురుద్రోహం, వెటకారం సమపాళ్లలో ఉంటాయి. వాటన్నిటికీ మోకాళ్ల మీద నిలబడి, టోపీ తీసి, కంటనీరు పెట్టుకుని ముందే క్షమాపణ వేడుకుంటున్నాను. నిజానికి కుర్చీలోనే కూర్చున్నాను, కంట్లో నలుసు కూడా లేదు. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ, కెజియా అక్కా క్షేమమని రాయించావు గానీ నాకు నమ్మకం కలగలేదు. చదివి వినిపిస్తున్న అక్కా, మధ్యలో గొంతు మార్చకు, అమ్మ పసిగడుతుంది.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నానా అంటే, పెద్ద బల్ల మీద దొరలు మిగిల్చిన మాంసం మా బల్లకు వస్తుంది, చాకిరీ చేసి చదువుకునేవాళ్ల బల్లకు. మిగల్చడంలో వాళ్లు ఉదారులే. ప్రార్థన చేస్తున్నానా అంటే, రోజూ చేస్తున్నాను, డాక్టర్ ఒస్‌గుడ్‌కి పంటినొప్పి రావాలని. ఇంకా వినబడలేదు.

మూడో ప్రశ్న ఉంది. కేంబ్రిడ్జిలో ఒక పెద్దాయన గడియారంలో తెగిన గొలుసు మనింటిదేనని, మనకు గొలుసుల పని ఇచ్చే హార్వుడ్ గారు తేల్చారనీ, అక్కకు పని ఆపేశారనీ రాయించావు. చూపు పోయే ముందు చేసిన ఆఖరి గొలుసుల్లో చెయ్యి తప్పిందేమోనని రోజంతా వేళ్లు తడుముకుంటున్నానన్నావు. దానికీ వస్తాను.

ముందు డాక్టర్ ఒస్‌గుడ్ గురించి. మాకు దేవుణ్ణి రుజువు చేసే ఉద్యోగం ఆయనది. రోజూ పొద్దున్నే పాఠానికి ముందు జేబు గడియారం తీసి, అందరూ చూస్తుండగా తాళం చెవి తిప్పుతాడు.

"ఇది తనంతట తాను పుట్టిందా నాయనలారా? చేసినవాడొకడు ఉండాలి. దీనికి వెయ్యి రెట్లు చిత్రమైన కంటికి మాత్రం కర్త ఉండడా?"

జనవరిలో ఒకనాడు నా నోరు ఊరుకోలేదు. "అయ్యా, దీన్ని చేసినవాడు ఒకడు కాదండి. చక్రాలు ఒక ఊళ్లో, స్ప్రింగు ఇంకో ఊళ్లో, లోపల స్ప్రింగుని చక్రాలకి కలిపే వెంట్రుకంత గొలుసు మా ఊళ్లో. పైన పేరు చెక్కించుకున్న దొర దాంట్లో ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఈ లెక్కన దేవుళ్లు ఎంతమందని రాసుకోమంటారు?"

వెనక బెంచీలు నవ్వాయి. నవ్వు రుచి మరిగినవాడు ఆగడు కదా. "పోనీ, కన్ను అంత గొప్ప పనితనమైతే మా అమ్మకి నలభై నాలుగేళ్లకే ఎందుకారిపోయిందండీ?"

ఆయన గడియారం మూత టప్పున మూశాడు. "కన్నిచ్చింది సృష్టిని చూడ్డానికోయ్, పేనంత రివెట్లు కొట్టడానికి కాదు. పనిముట్టు పాడుచేసుకున్నది మీ అమ్మ. నింద మాత్రం కన్ను చేసినవాడి మీదా? ఆవిడ కన్ను ఆగితే ఆగింది, నా గడియారం మాత్రం బాగా నడుస్తోంది."

ఈసారి ముందు బెంచీలు నవ్వాయి. ఆ నవ్విన పదకొండు మంది పేర్లూ రాసి పెట్టుకున్నాను. వాళ్ల వంతు ఇంకా రాలేదు.

ఫిబ్రవరిలో ఆయనే నన్ను పిలిచాడు. "గొలుసులవాళ్ల పిల్లాడివి కదా, దీన్ని శుభ్రం చేసి నూనె వేసి పట్రా." ఇచ్చాడు. తెచ్చాను. మర్నాడు కాలేజీకి బిషప్ గారు వచ్చారు. ఒస్‌గుడ్ ఆయన ముందు మరింత ఠీవిగా తాళం తిప్పాడు. లోపల టక్కుమంది. ముళ్లు నిలిచిపోయాయి. నాకు ఒళ్లంతా పండగ. అది అరనిమిషమే.

ఒస్‌గుడ్ తొణకలేదు. "గమనించారా ప్రభూ, రూపకల్పనలో లోపం లేదు. లోపమంతా కింది చేతుల్లో. ఏ గుడ్డిదో చేసుంటుంది." బిషప్ తల ఊపాడు. నేను పన్నిన వలలోంచి ఆయన కొత్త పాఠం లాక్కున్నాడు. తెగిన ముక్కల్ని గడియారాల కొట్టుకి పంపాడు, కొట్టువాడు హార్వుడ్ గారికి పంపాడు. ఆ తర్వాతది నీకు తెలిసిందే.

ఇదే టపాలో హార్వుడ్ గారికి నా సంతకంతో జాబు పంపుతున్నాను. అక్కకు పని మళ్లీ ఇవ్వక తప్పదు. దాని నకలు ఒస్‌గుడ్ తలుపు కింద తోసి వచ్చాను. రేపు నన్ను కాలేజీ నుంచి గెంటేస్తారు. ఆయన విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు, రాబోదు. నీ విషయంలో మాత్రం ఈ వేళాకోళమంతా పక్కన పెట్టి చెబుతున్నాను.

గడియారం విప్పగానే గొలుసు కొక్కెం చివర నువ్వు తీసే వంపు చూసి పోల్చుకున్నాను. నీ కళ్లు తిన్న గొలుసు ఆ గడియారంలో కూర్చుని ఆయన పొట్ట మీద వేలాడటం ఓర్చుకోలేకపోయాను. రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగాను. తెగలేదు. వేలికి చుట్టి మళ్లీ లాగాను, వేలు తెగింది గానీ అది తెగలేదు. చివరికి ఆకురాయి తీసుకుని ఒక రివెట్టును సగానికి పైగా అరగదీసి, మళ్లీ లోపల పెట్టి మూసేశాను.

ఇట్లు,
నీ చేతి పని చెడగొట్టిన కొడుకు,
జేబెజ్