రెండో పలక

ఆరో తేదీ

ప్రియమైన అత్తకి,

ఫోన్ చేస్తే మాట దాటేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

పోయిన బుధవారం మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉండగా మా ఉపగ్రహం ఒక కొత్త ఎక్స్‌రే వెలుగును పట్టుకుంది. ఆరు నిమిషాలు వెలిగి ఆరిపోయింది. మూడో రోజుకి పెద్ద టెలిస్కోపు వాళ్ళు చూస్తే సరిగ్గా అక్కడే, ఒక గెలాక్సీ అంచున, అంతకుముందు లేని చుక్క. నక్షత్రం పేలిపోయింది, సూపర్‌నోవా, అదీ పేలుతుండగానే పట్టుకున్నాం అని మా సారు గాల్లో తేలుతున్నారు. నెలాఖరుకి ప్రకటిస్తారట. పరిశోధన పేపర్లో మొదటి పేరు నాది.

ఆ గెలాక్సీ పేరు చూడగానే నువ్వు గుర్తొచ్చావు. ముప్పై మూడేళ్ళ కిందట నువ్వు మీ ఊరి అబ్జర్వేటరీలో ఆకాశం ఫొటోల గాజుపలకలు చూసే ఉద్యోగం చేస్తుండగా కొత్త చుక్క కనిపించిందన్నది అందులోనే, అదే అంచున. మీ పెద్దసారు అది ఫొటో కడిగే "మందు మరక" అని కొట్టిపారేస్తే, రాజీనామా ఇచ్చి కళ్ళజోళ్ళ షాపులో చేరిపోయావు. నువ్వు చూసింది నిజంగా చుక్కే అయితే మాది సూపర్‌నోవా కాదు. నక్షత్రం ఒక్కసారే చస్తుంది. రెండుసార్లు వెలిగిందంటే అది ఇంకేదో.

ఈ సంగతి ఇక్కడ ఇంకెవరికీ తెలియదు. నేను నోరు మూసుకుంటే నడిచిపోతుంది. మూసుకోలేకపోతున్నాను. ఆ పలక ఒక్కసారి చూసి చెప్తావా?

నీ మేనకోడలు,
చిట్టి


తొమ్మిదో తేదీ

చిట్టితల్లికి ఆశీస్సులు.

నా చూపు మీద నమ్మకం లేని చోట మళ్ళీ కాలు పెట్టనని ఆ రోజే చెప్పి వచ్చాను. నేను చూసింది చుక్కే. అది నిజమని తేలితే నీ పేపరు పోతుంది, కాదని తేలితే నా పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏది తేలినా ఏడుపు మనింట్లోనే. మీ సారు చెప్పినట్టు చెయ్యి. వేళకి తిను.

మీ అత్త


పదకొండో తేదీ

ప్రియమైన అత్తా,

కోప్పడతావని తెలిసే రాస్తున్నాను. నిన్న మా సారుకి మొత్తం చెప్పేశాను.

"ఎప్పటిదో మరక కోసం ఇంతమంది ఆగాలా?" అన్నారు.

"మరకో చుక్కో తేలేదాకా నా పేరు తీసేయండి సార్" అన్నాను.

చివరికి "నెలాఖరు దాకా టైముంది, తేల్చుకురా" అన్నారు.

అబ్జర్వేటరీకి ఫోన్ చేశాను. పదకొండు వేల పలకలు కింది గదిలో ఉన్నాయట. ఏది ఎక్కడుందో రాసిన పుస్తకాన్ని చెదలు తినేశాయట. ఇరవై అయిదో తేదీ శనివారం వచ్చి నేనే వెతుకుతాను. నిన్ను గెలిపించడానికీ కాదు, ఓడించడానికీ కాదు. నువ్వు రాకపోయినా ఫర్వాలేదు, రాత్రికి మాత్రం ఇంత అన్నం పెట్టు.

నీ చిట్టి


పద్దెనిమిదో తేదీ

ప్రియమైన చిట్టీ,

అన్నం తినడానికి రా. వెతకడానికి అక్కర్లేదు, నేను వెళ్ళొచ్చాను.

నీ ఉత్తరం చదివి, మంగళవారం షాపుకి సెలవు పెట్టాను. కింది గది తాళం తీసినాయన "ఏం కావాలమ్మా" అని వెంటపడ్డాడు. నేనే చూసుకుంటానన్నాను. అట్టపెట్టెల మీద ఇంకా నా చేతిరాతే ఉంది. నాలుగు గంటలకి దొరికింది.

లైటు బల్ల మీద పెట్టి భూతద్దంలో చూశాను. ఆ పలకల మీద చుక్కలన్నీ నల్లగా ఉంటాయి. నాది ఉంది. నువ్వు చెప్పిన అంచునే ఉంది. నీ పేపరు పోయినట్టేనని తెలిసి కూడా ఒక్క నిమిషం సంతోషపడ్డాను. అబద్ధమెందుకు చెప్పాలి?

తర్వాత దాని కిందున్న కవరు విప్పాను. అదే రాత్రి, గంట తర్వాత తీసిన ఇంకో పలక. ఆ రోజు పెద్దసారు "రెండోది కూడా చూసి మాట్లాడమ్మా" అన్నారు. చూడకుండానే వచ్చేశాను. ఈ మాట మీ నాన్నక్కూడా చెప్పలేదు.

రెండో పలకలో ఆ చోటు ఖాళీ. చుట్టుపక్కల చుక్కలన్నీ ఉన్నాయి, నాది లేదు. మొదటిదాన్ని మళ్ళీ ఏటవాలుగా పట్టుకుని చూశాను. నిజమైన చుక్క అంచు ఇసుక చల్లినట్టు పలచబడుతుంది. దీని అంచు కత్తిరించినట్టుంది. పలకని మందులో కడిగేటప్పుడు పడ్డ మరకే. ఊరందరికీ కళ్ళజోళ్ళు అమర్చాను గానీ నాకు అమర్చేవాళ్ళు లేకపోయారు.

ఒక్కదానితో సరిపోదని తర్వాతి రెండు రోజులూ వెళ్ళాను. ఆ గెలాక్సీ ఉన్న పలకలు నలభై రెండు, పందొమ్మిదేళ్ళ పాటు తీసినవి. దేనికి దాని జత పెట్టి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. నీ నక్షత్రం ఇప్పుడే చచ్చింది, ఒక్కసారే. మీ సారుతో ధైర్యంగా చెప్పు. పలకల జాబితా ఇందులో పెట్టాను, పేపర్లో వెయ్యి. మరకని చుక్క అన్నది ఎవరో కూడా పేరుతో సహా రాయి. మొహమాటపడకు.

పెద్దసారు పోయి పదేళ్ళయింది, ఆయనతో చెప్పుకునే దారి లేదు. అందుకని అక్కడివాళ్ళని అడిగి పని తెచ్చుకున్నాను. చెదలు తిన్న పుస్తకం మళ్ళీ నేనే రాస్తాను. వారానికి రెండు రోజులు, మంగళ, గురువారాలు అనుకున్నాం. ఆగలేక నిన్న శుక్రవారమే మొదలుపెట్టాను. అరవై రెండు పలకలు రాశాను.

ప్రేమతో,
మీ అత్త