అక్కా, బాపు మిలట్రీ జీపూ

జూన్ 9, ఆదివారం
షెడ్డులో జీపు మీది టార్పాలిన్ తీశాను. బాపు పోయాక ఎవరూ ముట్టలేదు. ముందు టైర్లు రెండూ నేలకు అంటుకుపోయాయి. సీటు కింద ఎలుకల కాపురం. నా భార్య సుజాత గుమ్మంలో నిలబడి— "పాత ఇనుపోనికి ఇచ్చెయ్యరాదు." ఇవ్వను. మిలట్రీ వాళ్లు వేలం వేస్తే బాపు కొన్న బండి. మళ్లీ మిలట్రీ బండిలాగే నిలబెట్టాలి. ఇవాళ ఆ ఒక్క సంగతే స్పష్టంగా ఉంది.

జూన్ 11
తెల్ల రంగు గీకితే కింద పసుపు. దాని కింద ఎర్రటి పూత. ఇంకా గీకితే... ముదురు పచ్చ! అసలు రంగు. పిల్లాడిలా సంతోషపడ్డాను. జీపు కిరాయికి తిప్పిన రోజుల్లో బాపు వెనక బెంచీలు వేయించాడు, జనం పట్టుకుని వేలాడటానికి ఇనుప కడ్డీలు పెట్టించాడు. అన్నీ గ్రైండర్‌తో కోసేశాను. మిలట్రీ బండికి అవి ఉండవు.

జూన్ 13
అక్క వచ్చింది. చెప్పా పెట్టకుండా. జగిత్యాల నుంచి బస్సులో, పెద్ద బ్యాగుతో. "బావ రాలేదా?" అంటే "పనున్నది" అంది, అంతే. కాళ్లు కూడా కడుక్కోకుండా షెడ్డులోకి వెళ్లింది. కోసిన కడ్డీలు నేల మీద ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడింది.
"బాపు బండేదిరా తమ్మీ?"
"గిదే గదక్కా."
"గిది కాదు."
కళ్లు తుడుచుకుంది. అన్నం తినలేదు. ఇనుప కడ్డీలకు ఇంత ఏడుపా?

జూన్ 14
క్లచ్ పెడల్ మీద కొయ్య ముక్క, రెండు బోల్టులతో బిగించి ఉంది. ఎవరి అతుకుల పనో అనుకుని విప్పబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "అది నాది."
నాకు అర్థం కాలేదు. కాసేపటికి తనే చెప్పింది. బాపు చెయ్యి విరిగిన ఏడు, వానకాలమంతా బెల్లంపల్లి నుంచి ఆసిఫాబాద్‌కు జనాన్ని ఎక్కించుకుని జీపు తోలింది తనేనట. కాలు అందడం లేదని బాపే కొయ్య చెక్కి బిగించాడట, ఇంజన్ పనీ నేర్పాడట.
"నాకెందుకు చెప్పలే?"
"నువ్వు కరీంనగర్‌ల హాస్టల్ల ఉంటివి. నాకేమో సంబంధాలు సూస్తుండిరి. ఆడివిల్ల జీపు తోల్తదంటే ఎవలొస్తరని అవ్వ ఎవలకు చెప్పనియ్యలే."
అమ్మ కూడా నాకు ఎన్నడూ చెప్పలేదు. తల వెంట్రుకలు నెరుస్తున్న వయసులో నా ఇంటి సంగతి నాకు తెలుస్తోంది.

జూన్ 16
పని ఆగింది. పాతదానిలా చేయాలంటే— ఏ పాతదానిలా? మిలట్రీదా, బాపుదా, అక్కదా? గరుకు కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఎంతవరకు గీకాలో తెలియడం లేదు.

జూన్ 18
బావ ఫోన్. అక్క ఎత్తడం లేదని నాకు చేశాడు.
"మీ అక్క ఏమన్న చెప్పిందా?"
"లే బావా."
"ఏం చెప్పలే?"
ఆ రెండోసారి అడగడంలో ఉన్నది భయమా, కోపమా... ఫోన్ పెట్టేశాక కూడా తేల్చుకోలేకపోయాను.

జూన్ 20
అక్క ఇంజన్ విప్పింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ముక్కలన్నీ గోనెపట్టా మీద వరసగా. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మోచేతుల దాకా నల్లటి ఆయిల్. "ఆ పెద్ద పానా ఇయ్యి" అంటుంది, ఇస్తాను. నా బండి ఎప్పుడు తన బండి అయిందో గమనించనే లేదు.
వంటింట్లో సుజాత గుసగుసగా— "వదినె ఎన్ని దినాలుంటదో అడుగు."
"నువ్వే అడుగరాదు."
"నేనడిగితే పొమ్మన్నట్టుంటది."
నేనడిగినా అంతే కదా.

జూన్ 21
అడిగాను. వేరేది. "బావ కొట్టిండా అక్కా?"
చేతిలో పని ఆపలేదు. "కొడితే చెప్పుడు సులువుగుంటుండె తమ్మీ."
అంతే. కిరోసిన్ తేవడానికి లేచాను. కిరోసిన్ డబ్బా నిండుగానే ఉంది.

జూన్ 23, ఆదివారం
బావ వచ్చాడు. మామిడిపళ్ల సంచితో. వాకిట్లో కుర్చీ వేస్తే కూర్చోలేదు, షెడ్డు దగ్గరికే వెళ్లాడు. అక్క జీపు కింద పడుకుని ఉంది. పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. బావ ఆ పాదాలతోనే మాట్లాడాడు.
"పోదాం పా."
"బండి పనైనంక వస్త."
"బండి నీదా?"
పానా తిరుగుతున్న చప్పుడు ఆగలేదు. బావ చాయ్ సగం తాగి లేచాడు. గేటు దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "జెర జల్ది కానియ్యి బామ్మర్దీ" అన్నాడు. బతిమాలాడా, హెచ్చరించాడా? మనిషి చిక్కిపోయినట్టున్నాడు. జాలేసింది. జాలి వెయ్యవచ్చో లేదో కూడా తెలియదు.

జూన్ 26
వెల్డింగ్ షాపతన్ని షెడ్డుకు పిలిపించి, కోసేసిన కడ్డీలు జీపుకు మళ్లీ పెట్టించాను. అక్క సంతోషిస్తుందనుకున్నా.
"ఎందుకురా?"
"నువ్వే గదక్కా ఏడ్సినవు..."
"ఏడ్సిన. మల్ల పెట్టుమన్ననా?"
నిజమే, పెట్టమనలేదు. మరేం చేయాలి?

జూన్ 29
స్టార్టయింది! మూడు దగ్గులు, షెడ్డంతా నల్ల పొగ, తర్వాత నిలకడైన చప్పుడు. సుజాత చప్పట్లు కొట్టింది. అక్క పగలబడి నవ్వింది— పెళ్లయ్యాక అలా నవ్వగా చూడలేదు. నేనూ నవ్వాను. అంతలోనే అక్క బావతో అన్న మాట గుర్తొచ్చింది. బండి పనైంది.

జూన్ 30, ఆదివారం
అక్క తోలింది. పక్కన నేను. బజారు మొత్తం తలలు తిప్పి చూసింది. పెద్ద రోడ్డు ఎక్కే చోట ఆపేసింది. ఒకవైపు ఆసిఫాబాద్, ఇంకోవైపు మంచిర్యాల దాటితే జగిత్యాల. వెనక లారీ హారన్ కొడుతోంది.
"ఎటక్కా?"
"ఆగు, సోంచాయించనియ్యి."
ఆసిఫాబాద్ వైపు తిప్పింది. చాలాదూరం పోయాం. ఒక బస్సు స్టేజీ దగ్గర వేగం తగ్గించి, చెట్టు కింద నిలబడ్డ ముసలమ్మను "ఎక్కుతవా అవ్వా?" అని అడిగింది. ముసలమ్మ అక్కను చూసి, జీపును చూసి, బస్సొస్తది బిడ్డా అంది. అక్క అలాగేనని తలూపింది.
ఇంటికొచ్చాక బావ ఫోన్. "బండి నడుస్తున్నదట గద?" ఎవరు చెప్పారో. "ఇంక శాన పనున్నది బావా." నోటికి ఎలా వచ్చిందో నాకే తెలియదు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. విన్నదో లేదో.

జూలై 2
డ్యూటీ నుంచి వచ్చేసరికి కార్బొరేటర్ మళ్లీ విప్పి ఉంది. పళ్లెంలో కిరోసిన్‌లో నానుతోంది.
"ఏమైంది?"
"గాలి సక్కగ గుంజుతలే."
మొన్న బాగానే గుంజింది. నాకు తెలుసు. తనకూ తెలుసు. చొక్కా మార్చుకోకుండానే పక్కన కూర్చున్నాను.
"ఇంకేం ఇప్పాలె అక్కా?"
తలెత్తి నా ముఖంలోకి చూసింది.
"గేర్ బాక్స్ సూద్దాం."
పెద్ద పానా అందించాను. బావ ఆదివారం వస్తానన్నాడు. గేర్ బాక్స్ విప్పితే మళ్లీ బిగించడం నాకు రాదు. అక్కకు వచ్చో రాదో అడగలేదు.